సామాను వ్యానులో నా సీటు

ప్రింటర్‌లోంచి ఆ కాగితం తీసింది నేనే. వంటింట్లో పోపు మాడిపోతున్నా కదలకుండా నిలబడి రెండుసార్లు చదివాను. ఫ్రాన్సులో ద్రాక్షతోటల మధ్య ఆరు రోజుల సైకిల్ యాత్ర, నాలుగు జంటలు, ఎవరు ఎలా ప్రయాణం చేస్తారో వివరాలు. మా ఆయన పేరుకెదురుగా సైకిల్ అని ఉంది. ఆయన స్నేహితులు ముగ్గురికీ, వాళ్ళ భార్యలకీ సైకిలే. నా పేరుకెదురుగా మాత్రం, సామాను వ్యానులో వస్తుంది అని ఉంది.

ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని తీసుకెళ్ళి సూట్‌కేసుల మధ్య పడేస్తాడా! కనీసం ఒక్క మాట అడిగాడా? అడిగితే ఏం చెప్పేదాన్నో అది వేరే సంగతి. నాకు సైకిల్ తొక్కడం రాదు. చిన్నప్పుడు గుంటూరులో మా అన్నయ్య నేర్పించబోతే మొదటి రోజే వెళ్ళి, కల్లాపి చల్లుతున్న పక్కింటి పిన్నిగారిని గుద్దాను. పేడనీళ్ళ బకెట్టూ, ఆవిడా, నేనూ, సైకిలూ ఒకే చోట పడ్డాం. మళ్ళీ ఎవరూ నన్ను సైకిల్ దగ్గరికి రానివ్వలేదు.

మా ఆయన దోహాలో సివిల్ ఇంజనీరు. నలభై ఎనిమిదో ఏట సైకిల్ పిచ్చి పట్టింది. ప్రతి శుక్రవారం నాలుగున్నరకే లేచి, వెనక దూది పరుపు కుట్టిన బిగుతు నిక్కరొకటి తొడుక్కుని, ఆ ముగ్గురు స్నేహితులతో సైకిల్ ట్రాకుకి వెళ్తాడు. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చి, నాలుగు ఇడ్లీలు తినే మనిషి తొమ్మిది తింటాడు. ఫ్రాన్సులో ఆ యాత్ర దారిలో కార్లే ఉండవట. పాత రైలు పట్టాలు పీకేసి సైకిళ్ళ కోసం వేసిన దారట. "హారన్ అనేదే వినపడదు" అని చెప్పిందే చెప్పేవాడు. రోజూ మా ఇల్లున్న అల్ రయ్యాన్ నుంచి ఆఫీసుకి, వెనక నుంచి లైట్లు కొట్టే పెద్ద బళ్ళ మధ్య వెళ్ళొచ్చేవాడికి అది స్వర్గమే, కాదనను.

కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు విసిరికొట్టొచ్చు. కొట్టలేదు. నెలన్నర టైముంది. రహస్యంగా నేర్చుకోవాలి, అక్కడ వ్యాను తలుపు తీసినప్పుడు అందరి ముందూ సైకిలెక్కి చూపించాలి. రాకపోతే ఆరు రోజులూ ఎనిమిది సూట్‌కేసులతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళడమే.

మా పక్క విల్లాలో ఖతారీ కుటుంబానికి డ్రైవరుగా చేసే అతనిది అనంతపురం దగ్గర పల్లెటూరు. నలభై లోపే ఉంటాయి. ఆవకాయ కలిపినప్పుడల్లా ఒక సీసా పంపిస్తాను, నన్ను అక్కా అంటాడు. వాళ్ళింటి పిల్లలకి సైకిల్ నేర్పింది అతనే. శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో ఎవరూ లేవరు, నమాజు వేళ దాకా అతనికి డ్యూటీ ఉండదు. ఆ టైములో మా ఆయనా ఇంట్లో ఉండడు. వెళ్ళి సంగతి చెప్పాను.

"ద్రాక్షతోట సూసేకి అంత దూరం యాలక్కా? మా అనంతపురంలో ల్యావా?"

"తోట సంగతి కాదయ్యా, సైకిల్ సంగతి."

"సారుకు చెప్పినావా?"

"చెప్పను. నువ్వూ చెప్పకు."

"మాఫీ కలాం" అని నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అరబ్బీలో మాఫీ అంటే లేదు, కలాం అంటే మాట.

మా వీధి చివర బడి పార్కింగు శుక్రవారం ఖాళీగా ఉంటుంది. అక్కడికి తన బరువైన పాత సైకిల్ తెచ్చాడు. మొదలుపెట్టక ముందే చిక్కొచ్చి పడింది. సైకిల్ నేర్పాలంటే వెనక సీటు పట్టుకుని పరిగెత్తాలి. పక్కింటి ఇంజనీరుగారి భార్య కూర్చున్న సీటు మీద చెయ్యెలా వేస్తాడు? చెయ్యి చాస్తాడు, వెనక్కి తీసుకుంటాడు, చొక్కాకి తుడుచుకుంటాడు. నేను ఎక్కుతాను, దిగుతాను. అరగంట ఇదే తంతు. ఆఖరికి ఇంటికెళ్ళి నేల తుడిచే మాపు తెచ్చాడు. గుడ్డ పీకేసి, ఆ కర్రని సైకిల్ క్యారియర్‌కి తాడుతో బిగించి, రెండో కొస తను పట్టుకున్నాడు. మర్యాదకి మర్యాద, పాఠానికి పాఠం.

"యల్లా అక్కా, తొక్కు! కిందికి సూడాకు, ముందరికి సూడు! బ్రేకు మాఫీ, బ్రేకు మాఫీ!"

"కిందికి చూడకపోతే నా కాళ్ళు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుందయ్యా?"

"కాళ్ళు యాడికీ పోవులేక్కా, నీకాడ్నే ఉంటాయి."

మొదటి వారం మోచెయ్యి గీరుకుపోయింది. మా ఆయన చూసి ఏమైందన్నాడు. బాత్రూంలో జారానన్నాను. సాయంత్రానికల్లా బాత్రూంలో రబ్బరు చాప వెలిసింది. రెండో వారం మోకాలు. మళ్ళీ బాత్రూమే అన్నాను. రెండో బాత్రూంకి కూడా చాప, గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. మూడో వారం గడ్డం మీద దెబ్బ. ఈసారి కాల్షియం బిళ్ళలు తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజే ఫోనులో స్నేహితుడితో అంటుంటే విన్నాను: "మా ఆవిడకి కాళ్ళు పట్టు తప్పుతున్నాయిరా. వ్యాను రాయించి మంచి పని చేశా." అయిపోయింది. ఇప్పుడు నేను సూట్‌కేసు కూడా కాదు, పగిలే సామాను. గోడవతల నిలబడి పళ్ళు నూరుకున్నాను.

నాలుగో శుక్రవారం బాగానే తొక్కుతున్నాను. "ఎండెక్కుతోందయ్యా, ఇవాళ్టికి చాలా?" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. పక్కకి చూద్దును కదా, అతను పార్కింగు అవతలి చివర గోడ నీడలో నిలబడి సీసా ఎత్తి మంచినీళ్ళు తాగుతున్నాడు! అయ్యబాబోయ్ అని అరిచాను కానీ పడలేదు. ఇంకో చుట్టు తిరిగాను. ఏడుపొచ్చేసింది. నలభై ఆరేళ్ళ ఆడది, వెనక మాపు కర్ర తోకలాగా పొడుచుకొచ్చిన సైకిల్ మీద ఏడుస్తూ తిరుగుతుంటే చూసినవాళ్ళు ఏమనుకోవాలి? అదృష్టం, రెండు పిల్లులు తప్ప ఎవరూ చూడలేదు.

ఒక్క లోపం మాత్రం మిగిలిపోయింది. ఆ పార్కింగులో ఎప్పుడూ ఎడమ వైపుకే చుట్లు కొట్టాను. కుడికి తిప్పితే చాలు, పడిపోతున్నాను. దిగి, సైకిల్‌ని చేత్తో తిప్పుకుని మళ్ళీ ఎక్కాల్సిందే. "ఎడమకే మూడుసార్లు తిరుగక్కా, కుడికి పోయినట్లే" అన్నాడు మా గురువు. ఆలోచిస్తే నిజమే.

ఫ్రాన్సులో మొదటి పొద్దున, వ్యాను డ్రైవరు ముసలాయన నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "మెట్టు ఎత్తుగా ఉంది, జాగ్రత్త" అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాను. అదనంగా ఒక సైకిల్ పెడతారని ఆ కాగితంలోనే చదివాను. గోడకి ఆనించి ఉంది. నవ్వేవాళ్ళ ముందు జారిపడే యోగం లేకుండా చూడు తల్లీ అని కనకదుర్గమ్మకి దండం పెట్టుకుని ఎక్కేశాను.

"ఏయ్, నీకు రాదు!" అని అరిచాడు మా ఆయన. అప్పటికి నేను ముప్పై గజాలు దాటేశాను.

ఆ దారి ఆయన చెప్పినట్టే ఉంది. రెండు వైపులా ద్రాక్ష. మన పందిరి తోటల్లా కాదు, నడుమెత్తు మొక్కలు వరసలు కట్టి కొండవాలు దాకా ఉన్నాయి. కారు లేదు, హారన్ లేదు, గొలుసు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముఖానికి చల్లగాలి తగులుతుంటే పెద్దగా నవ్వాలనిపించింది, నవ్వాను కూడా. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అంతలో దారి కుడికి మళ్ళింది. మారుమాట్లాడకుండా దిగి, సైకిల్ తిప్పుకుని, మళ్ళీ ఎక్కబోయాను.

మా ఆయన వెనకే రొప్పుతూ వచ్చాడు. "ఎందుకు దిగావ్? ఏమైంది?"

"ఏం కాలేదు. కుడి మలుపు ఇంకా సిలబస్‌లో రాలేదు."

పది కిలోమీటర్ల తరవాత ఒక పల్లెలో అందరం ఆగాం. బెంచీ మీద కూర్చుని ఆయనకి మొత్తం చెప్పాను. మాపు కర్ర, గోడ నీడ, బాత్రూం అబద్ధాలు. రబ్బరు చాపల దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు తగ్గాక నెలన్నరగా గొంతులో అడ్డం పడి ఉన్నది అడిగేశాను.

"ఆ కాగితంలో అలా ఎందుకు రాశారు? ఒక్క మాట అడగాలనిపించలేదా?"

పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను. ఆయన పోట్లాడలేదు.

"అడగక్కర్లేదనుకున్నా. వక్రా బీచ్‌లో పిల్లలూ నేనూ నీళ్ళలోకి దిగుతుంటే ఏమన్నావు? బొర్రా గుహల దగ్గర ఏమన్నావు? వాటర్ పార్కులో? ఎక్కడికెళ్ళినా ఒకటే మాట. 'మీరు వెళ్ళి రండి, నేను సామాను చూసుకుంటా.' నీకదే ఇష్టమనుకున్నా."

నిజమే. పెద్దాడు మొదటిసారి ఈత కొట్టింది నేను చూడలేదు. వాళ్ళ చెప్పులూ, ఫోన్లూ ఒళ్ళో పెట్టుకుని ఇటు తిరిగి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క చెప్పు కూడా పోనివ్వలేదు. కాగితం మీద రాసింది ఆయనే, కానీ చెప్పి రాయించింది నేను. అది తెలిసేసరికి కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

అంతలో స్నేహితుల భార్యల్లో ఒకావిడ గట్టిగా పిలిచింది. ఆ ఊళ్ళో నేల కింద వైన్ పీపాలు దాచే గది ఉందట, చూడ్డానికి రమ్మంటోంది. హెల్మెట్లూ, చేతి సంచులూ, జాకెట్లూ అన్నీ మా బెంచీ మీద కుప్పపోసి ఆరుగురూ మెట్ల వైపు కదిలారు.

"మీరు వెళ్ళి రండి, నేను..." అనేశాను. సగంలో నాలిక కరుచుకున్నాను.

మా ఆయన సంచులన్నీ తన వైపుకి లాక్కుని, నా హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

దిగాను. లోపల చలిగా, చీకటిగా ఉంది. ఎవరో ఫ్రెంచిలో చాలాసేపు చెప్పారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. తాగమని గ్లాసిస్తే వాసన చూసి పక్కావిడకి ఇచ్చేశాను. అయినా అందరికంటే ఆఖర్న పైకొచ్చాను.