గుడారం లెక్క

ఈ రోజు పదో తరగతి లెక్కల పరీక్ష. మా బడి పిల్లల్ని తొర్రూరులో పరీక్షకు పంపి, గేటు బయట ఎండలో నిలబడి, పరీక్ష రాసి వచ్చిన ప్రతివాడికీ జవాబులు చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. సాయంత్రం నెల్లికుదురు బస్సెక్కితే, ముందు సీట్లలో వేరే బడి ఆడపిల్లలు నలుగురు. వాళ్ల చేతిలోనూ అదే ప్రశ్నపత్రం.

శంకువు ఆకారపు గుడారానికి ఎంత గుడ్డ కావాలన్న దగ్గర గొడవ మొదలైంది. ముగ్గురికి ఒకే జవాబు వచ్చింది. కిటికీ పక్క పిల్లకు వేరే వచ్చింది.

"నువ్వు కింది సర్కిల్ కలపలే," అంది ముగ్గురిలో గొంతు పెద్ద పిల్ల.

"గుడారం కింద గుడ్డ ఏడుంటదే? మేడారం జాతరల గుడారమేస్కొని మేం మట్టి మీదనే పండుకున్నం."

"మా ముగ్గురిది తప్పయి, నీ ఒక్కదానిదే కరెక్టయితదా?"

కిటికీ పక్క పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుంది. నేను ఊరుకోలేకపోయాను.

"ఆమె రాసిందే కరెక్టమ్మా. కింద గుడ్డ కలపొద్దు."

ముగ్గురి ముఖాలు వాడిపోయాయి. గొంతు పెద్ద పిల్లే ముందు ఏడుపు అందుకుంది. అప్పుడు కిటికీ పక్క పిల్ల ఆమె భుజం మీద చెయ్యేసి, నాకు వినబడేటట్టే ఓదార్చింది.

"ఏడ్వకే. ఆ సారుకు లెక్కలు సరిగ్గ రావేమో."

ఇరవై ఏళ్లుగా చెబుతున్నది లెక్కలే. నాకు రావనే అనుకోనిచ్చి, కళ్లు మూసుకుని నిద్ర నటించాను. మీరైతే ఏం చేసేవారు?