వీరభద్రుడి పండు

ఉదయం ఏడింటికి సంగారెడ్డిలో బస్సెక్కాం, నేను, అక్క, బావ. హత్నూరలో బావ పొలంలో బోరుకు నీళ్లు పడితే బొంతపల్లి వీరభద్రుడికి కాయ కొడతామని మొక్కు. పటాన్‌చెరులో దిగి నేను ఇడ్లీ లాగించాను. బావ దర్శనం కానిదే చాయ్ చుక్క కూడా ముట్టనన్నాడు. మొండిఘటం! అక్కడి నుంచి కంపెనీల మధ్యగా ఆటోలో గుడికి వెళ్లాం.

తొమ్మిదిన్నరకు బావ ఒక్క దెబ్బకే కాయ కొట్టాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకోబోతుంటే కుడిచెయ్యి వాలిపోయింది, మూతి వంకర పోయింది, మాట ముద్దయింది.

"పక్షవాతం. పసరు పోసేటాయన ఉన్నడు, తీస్కపోండ్రి" అన్నాడొక పెద్దాయన. అక్క కూడా సరేనంది. నేను వినలేదు, అంబులెన్స్ పిలిచి పటాన్‌చెరు తీసుకెళ్లాను.

ఆసుపత్రి గుమ్మంలోనే అక్క ప్రసాదం అరటిపండు ఒలవబోయింది. నర్సు సునీత చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"నోట్ల ఏం పెట్టకు పెద్దమ్మా. మింగుడు రాకుంటే ఊపిరితిత్తులల్లకు పోతది."

"దేవుని పండు బిడ్డా! గిది సుత వద్దా?"

"కొంగుకు కట్టుకో. యాళ్లకు నేనే అడుగుత."

వెంటనే నావైపు తిరిగింది. "ఆఖరుకు మంచిగెప్పుడున్నడు?"

"కాయ కొట్టినప్పుడు, తొమ్మిదిన్నరకు."

మాట వింటూనే షుగర్ చూసింది, స్ట్రెచర్‌తో స్కానింగ్‌కు పరుగెత్తింది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందన్నారు డాక్టరు. వేళ మించలేదు కాబట్టి గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇక సునీత మంచం వదిలితే ఒట్టు. బీపీ చూడడం, కళ్లలో లైటు వేయడం, "చెయ్యి లేపు పెద్దబాపూ" అని బతిమాలడం. ఎంత ఓపికో ఆ పిల్లకు! చేతులెత్తి మొక్కాలనిపించింది.

మర్నాడు ఉదయం బావను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు నీళ్లు పట్టి, దగ్గు వస్తుందేమోనని గొంతునే చూస్తూ నిలబడింది. దగ్గు రాలేదు. ఇంకాస్త పట్టింది.

"పెద్దమ్మా, పండేది?"

అక్క కొంగు ముడి విప్పింది. తొక్క నల్లబడింది. సునీత చెంచాతో మెదిపి ఇంత పెట్టింది. బావ మింగుతుంటే మేమూ గుటక వేశాం.

"ఇంకింత పెట్టు" అన్నాడు బావ, ముద్దముద్దగా.

మిగిలిన పండులో అక్క సునీత నోట్లోనూ ఓ ముక్క పెట్టింది.

సాయంత్రం నేనొక్కణ్నే బస్సెక్కాను. బావ నడవడానికి ఇంకా రోజులు పడతాయి. మీరూ బొంతపల్లి వెళ్లండి, చల్లని దర్శనం. దారిలో ఎవరికైనా మూతి వంకర పోతే మాత్రం నోట్లో ఏమీ పెట్టకండి, టైము చూసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

ముత్తంగి దాటుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "అన్న ఎట్లున్నడు?"

"పండు తిన్నడే. ఇంకింత అడిగిండు" అని, బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.