పోని మెమరీకి చేసిన ప్రార్థన

నా పేరు కృపాకర్. మొయినాబాద్‌ల మా చర్చి వెనక రూములో కంప్యూటర్ సెంటర్ నడిపిస్త. ఎవరో ఇచ్చిన ఆరు పాత కంప్యూటర్ డబ్బాలు, ఫ్రీగ వస్తదని అన్నిట్ల విండోస్ బదులు లినక్స్. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఆ సంగతి ఇంట్లోళ్లకే తెలుసనుకున్న.

ప్రేమజ్యోతిది కనకమామిడి ఊరు. పొద్దున ఫాంహౌస్‌ల పని చేస్కొని వచ్చి పదింటికి సెంటర్ తాళం తీస్తది. ఊడ్చుడుతోని మొదలుపెట్టి, చూస్కుంట చూస్కుంట రిపేర్లు నేర్సింది. సిస్టమ్ లేవకుంటే డబ్బా విప్పి, మెమరీ ఉండే ర్యామ్ ముక్క తీసి, పిల్లలు వాడే రబ్బరుతోని దాని అంచు తుడిచి పెడ్తది. "లేచింది అన్నా" అని నవ్వుతది.

మొన్న శుక్రవారం పొద్దున ఒక సిస్టమ్ మస్తు స్లో అయింది. చూస్తే నాలుగు జీబీ ఉండాల్సిన మెమరీ మూడే చూపిస్తున్నది. అండ్ల రెండేసి జీబీల ముక్కలు రెండుంటయి. ముందురోజు ఆ డబ్బా విప్పింది ప్రేమజ్యోతే. ఇంకేముంది, ఒకటి తీసుకొని దాని జాగల ఒక జీబీది పెట్టిందని అనుకున్న. డబ్బా విప్పి చూసుడు రెండు నిమిషాల పని. చూడలే, ఏం రోగమొచ్చిందో నాకు!

మొహం మీద అడిగే ధైర్యం గూడ లేదు. మా దగ్గర ఒక పాడలవాటుంది. మనిషిని అనలేని మాట దేవునికి చెప్పినట్టు చెప్తం. ఆ రోజే ఉపవాస ప్రార్థనల లేచి, "ప్రభువా, నీ మందిరంల కంప్యూటర్లు విప్పి మెమరీ దొంగిలించిన చేతులను క్షమించు" అన్న. నేను గాక ఆ డబ్బాలు విప్పేది ఆమె ఒక్కతే. నలభై మంది ఆమెన్ అన్నరు. పాస్టరయ్య ఆమె దగ్గర తాళంచెవి తీస్కున్నడు.

"నేనేం తీసిన అన్నా?" అని అడిగింది బయట.

"నీ పేరు చెప్పిన్నా నేను?" అన్న. థూ, నా బతుకు.

శనివారం డబ్బా విప్పిన. రెండు ముక్కలూ రెండు జీబీలయే! ఆన్ అయ్యేటప్పుడు లినక్స్ ఏ మెమరీ యాడున్నదో ఒక పట్టిక రాస్తది. అది చదివిన. నాలుగో జీబీ అడ్రసులల్ల స్క్రీన్ నడిపే గ్రాఫిక్స్ కార్డు వచ్చి కూసున్నది. అట్లయితే అక్కడి మెమరీని పై అడ్రసులకు జరిపే సెట్టింగ్ మదర్‌బోర్డుల ఒకటుంటది, అది బంద్ ఉన్నది. బుధవారం స్క్రీన్ మిణుకుతున్నదని ఆ సెట్టింగులల్ల వేళ్లు పెట్టింది నేనే. ఆ సెట్టింగ్ మళ్ల ఆన్ చేస్తే నాలుగు జీబీ వచ్చింది.

ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు లేచిన. ప్రేమజ్యోతి ఆఖరి చాప మీద కూసున్నది. సక్కగ తప్పు ఒప్పుకోక, బోర్డని, అడ్రసులని ఏమేమో చెప్పి, "మెమరీ దొరికింది, స్తోత్రం" అన్న.

ముందు కూసున్న ధనమ్మ అవ్వ రెండు చేతులెత్తింది. "చూసిండ్రా, ప్రార్థనకు పిల్ల మనసు మారింది! తెచ్చి పెట్టేసింది!"

అందరు హల్లెలూయ అన్నరు. ప్రేమజ్యోతి లేచి బయటికి నడిసింది.

అప్పుడు మొత్తుకున్న. "తియ్యనే లేదు! దొంగతనమే కాలే! సెట్టింగ్ చెడగొట్టింది నేను, దేవుని అడ్డం పెట్టుకొని నింద ఏసింది నేను!" వినాల్సిన మనిషి అప్పటికే గేటు దాటింది.

సోమవారం పాస్టరయ్య దగ్గర తాళంచెవి తీస్కొని కనకమామిడి పోయిన. ప్రేమజ్యోతి వాకిట్ల నిలబడి నేను చెప్పిందంతా విన్నది.

"నాకొద్దన్నా అది. రేపు నిజంగ ఏదన్న పోతే నన్ను ఎవరు నమ్ముతరు?" అన్నది.

తాళంచెవి జేబుల ఏసుకొని మళ్లిన.