చెల్లి సంతకం

మా చెల్లికి పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాదే కడుపుతో ఉందని తెలిసింది. ఆ అబ్బాయి దాని కాలేజీయే, ఒక ఏడాది పెద్ద. పెళ్లి మాట ఎత్తగానే ఫోన్ తీయడం మానేశాడు. అమ్మ అప్పటికే లేదు. నాన్న మాతో మాట్లాడడం ఆపేశారు. సముద్రం అవతల ఈ దీవిలో, డిగ్నాబాద్‌లోని ఆ రెండు గదుల క్వార్టర్‌లో దానికి మిగిలింది స్కూలు టీచరునైన నేనొక్కదాన్నే.

అప్పుడు అబ్బాయి తల్లి రావడం మొదలుపెట్టింది. మా తెలుగు చర్చికే వచ్చే మనిషి, అంతవరకు మమ్మల్ని పలకరించి ఎరగదు. ఇప్పుడు క్యారేజీ నిండా చేపల పులుసు తెచ్చి, చెల్లి తల నిమిరి వెళ్లేది. ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని నాకు అనుమానం.

ఎనిమిదో నెలలో అసలు మాట బయటపెట్టింది.

"వైజాగ్‌లో మంచి జంట ఉన్నారమ్మా, పిల్లల్లేరు. పుట్టగానే తీసుకెళ్లిపోతారు, కిసీకో పతా నహీ చలేగా, ఎవ్వరికీ తెలీదు. ఆస్పత్రిలో ఆవిడ పేరే రాయించేద్దాం."

"ఆవిడ పేరెందుకు ఆంటీ?"

"మీ పిల్ల సంతకం కూడా అక్కర్లేదు మరి. మా వాడి తరఫున నేను మాట్లాడేశాను కదా."

ఆ జంట పేరడిగితే తర్వాత చెప్తానంది. ఫొటో అడిగితే ఫోన్ పాడైందంది.

మర్నాడు పిల్లల సంక్షేమ కమిటీ ఆఫీసుకెళ్లాను. పక్కింటి వాళ్ల సంగతి అన్నట్టు చెప్పాను. అక్కడి మేడమ్ రాసుకుంటుంటే, సాయంత్రానికి పోలీసులు ఇంటికొస్తారేమోనని నా కళ్లు ఆమె పెన్ను మీదే ఉన్నాయి. అది చూసి ఆమె పెన్ను పక్కన పెట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పింది. అలా చేతులు మార్చడం దత్తత కాదు, నేరం. పెళ్లికాని తల్లి బిడ్డను అప్పగించాలనుకుంటే ఆమే వచ్చి కమిటీ ముందు చెప్పాలి. అబ్బాయి తల్లికి ఆ హక్కు లేదు, అక్కకూ లేదు. అప్పగించాక కూడా రెండు నెలల్లోపు మనసు మారితే బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. పేరు బయటికి పొక్కదు.

ఇంటికొచ్చి చెప్తే చెల్లి నన్నే అనుమానంగా చూసింది.

"ఆంటీ వాళ్లకి ఇచ్చీమంటాది, నువ్వు ఆఫీసులో ఇమ్మంటావు. ఉంచుకోమని ఒక్కలూ అనరేటి అక్కా?"

"ఉంచుకుంటావా?"

"తెలీదు. అడిగితే కదా ఆలోచిస్తాను."

ఆంటీ మళ్లీ వచ్చినప్పుడు, ఆ జంటను దత్తతకు చట్టప్రకారం పేరు నమోదు చేయించుకోమని చెప్పాను. ఆమె మొహం మాడిపోయింది. "ఇంటి గుట్టు సర్కార్ దాకా తీసుకెళ్తావా?" అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో ఏ ఆయా పాపను ఎత్తుకున్నా నేను వెంటే నడిచాను. చెల్లి ఇంటికి తెచ్చి కొన్ని వారాలు పాలిచ్చింది, ఎవరేమన్నా వినిపించుకోలేదు. చివరికి తనే, "పద అక్కా, కమిటీకి వెళ్దాం. నేను చదువుకోవాలి, దీన్ని బాగా చూసుకునేవాళ్లు కావాలి" అంది.

అక్కడ మేడమ్ మొదట నన్ను బయటికి పంపేసింది. నా వెనకాల ఏం నూరిపోస్తుందోనని వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరిగాను. తర్వాత తెలిసింది, ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ అక్క బలవంతం చేస్తోందా?"

లేదని చెప్పిందట. సంతకం పెట్టే ముందు చెల్లి కూడా ఒకటి అడిగింది.

"పెద్దయ్యాక అది నన్ను వెతికితే?"

"నీకు ఇష్టమైతేనే నీ వివరాలు చెప్తారు."

"చెప్పమని రాయండి మేడమ్."

ఆ రెండు నెలలూ అది మనసు మార్చుకుంటుందేమోనని ఒక పూట, మార్చుకోదేమోనని ఒక పూట భయపడ్డాను. మార్చుకోలేదు. పాపకు తల్లిదండ్రులు దొరికారని మాత్రమే ఆఫీసువాళ్లు చెప్పారు, ఎవరో చెప్పలేదు. చెప్పకూడదన్నది రూలేనని నాకు తెలుసు. అయినా ఆ మాట నిజమేనా అని నాకు ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. చెల్లికి అనిపించదట. అది ఇప్పుడు నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది.