ఇంగా పుట్టింటి పేరు

అది 2023 వేసవి. అమెరికాలో, ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ దగ్గర ఒక పబ్లిక్ లైబ్రరీలో జీనియాలజీ డెస్క్‌లో పనిచేస్తున్నాను. పూర్వీకుల గురించి తెలుసుకోవాలని వచ్చేవాళ్లకు పాత రికార్డులు వెతికిపెట్టడం నా పని.

ఒక శనివారం శ్రావ్య వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, అప్పటికి కడుపుతో ఉంది. వెంట ఆమె మామగారు కార్ల్, వ్యవసాయం మానేసి విశ్రాంతి తీసుకుంటున్న రైతు. ఆయన చేతిలో పాత బైబిల్.

"ఆంటీ, మావయ్యకి వాళ్ల సైడ్ ఎవరూ లేరు. బేబీ వచ్చేలోపు ఒక్కరినైనా ఫైండ్ చేద్దాం, ప్లీజ్," అంది శ్రావ్య.

కార్ల్‌ని పెంచింది నానమ్మ ఇంగా. ఆమె తల్లిదండ్రులు నార్వే నుంచి వలస వచ్చి, మిన్నెసోటాలో సాగు చేస్తూ జబ్బుపడి చనిపోయారు. చిన్నపిల్లగా ఉన్న ఇంగాను ఇల్లినాయ్‌లో ఒక రైతు కుటుంబం పెంచుకుంది. అన్న నిల్స్ ఏమయ్యాడో ఆమెకు చివరిదాకా తెలియలేదు.

బైబిల్ మొదటి పేజీలో ఆమె పుట్టింటి పేరు 'కె' అక్షరంతో మొదలయ్యేలా రాసి ఉంది. సెన్సస్‌లో, అంటే పాత జనగణన పత్రాల్లో వెతికాను. దొరకలేదు. సౌండెక్స్ అని ఒకటుంది, ఒకేలా వినిపించే పేర్లన్నీ కలిపి చూపిస్తుంది. మొదటి అక్షరమే వేరైతే మాత్రం అదీ చేతులెత్తేస్తుంది.

వేసారిపోయి కూర్చున్న రోజున కార్ల్ నా బ్యాడ్జి మీద 'జ్యోత్స్న' అన్న పేరు చదవబోయి తడబడ్డారు.

"మీరే పలకండమ్మా, నాకు నోరు తిరగడం లేదు."

పలికి నవ్వాను. ఆ నవ్వులోనే ఆలోచన తట్టింది. "మరి మీ నానమ్మ తన ఇంటిపేరు ఎలా పలికేది?"

"షెల్‌స్టా," అన్నారాయన.

రాసేది 'కె'తో అయినా పలికేది 'ష' అన్నమాట. 'ఎస్' అక్షరంతో వెతికాను. జనాభా లెక్కలకు వచ్చినవాడు విన్నది విన్నట్టు రాసేసుకున్నాడు! తండ్రి, తల్లి, నిల్స్, ఇంగా, అందరూ ఒకే ఇంట్లో కనిపించారు. ఆ స్పెల్లింగుతోనే ఆ ఊరి పత్రికలు చూస్తే నిల్స్ కొడుకు మరణవార్త, అందులో అతని కూతురు ఎలెన్ పేరు దొరికాయి. మిన్నెసోటాలో ఆ కుటుంబ పొలంలోనే ఇంకా ఉంటోందామె.

కార్ల్ నా డెస్క్ దగ్గరి నుంచే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టి, తానెవరో చెప్పుకున్నారు.

"ఇంగా మనవడివా?" అంది ఎలెన్. "మా తాత క్రిస్మస్ భోజనానికి చెల్లి కోసం ఒక పళ్లెం ఎక్కువ పెట్టించేవాడు. మేమింకా పెడుతూనే ఉన్నాం."

కార్ల్ టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. శ్రావ్య ఒకపక్క ఏడుస్తూ, ఇంకోపక్క నవ్వుతూ "ఓ మై గాడ్ ఆంటీ!" అని నన్ను వాటేసుకుంది.

శ్రావ్య సీమంతానికి ఎలెన్ ఇంట్లో బేక్ చేసిన 'యాపిల్ పై' పట్టుకుని మిన్నెసోటా నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. చేతినిండా గాజులు వేయించుకుని గలగలలాడిస్తూ తిరిగింది. "మా చెల్లెలు, మా చెల్లెలు" అంటూ కార్ల్ వచ్చినవాళ్లందరికీ ఆమెను చూపించారు.

రికార్డులు రాసినవాళ్లు పరాయివాళ్లు. పేరు నోటితో మోసుకొచ్చేది ఇంట్లోవాళ్లు. అందుకే ఇప్పుడు కాగితాలు తెరవకముందే అడుగుతాను: "మీ ఇంట్లో ఎలా పలికేవారు?"