పీఏ గారు చదివిన ఒప్పందం

మా ఎదురింటి పీఏ గారు పోయారని మంగళవారం పొద్దున జగ్గయ్యపేట బస్సులో ఉండగా ఫోనొచ్చింది. దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

పార్టీలు మారినా, ముగ్గురు ఎమ్మెల్యేలు ఆయన్నే పీఏగా ఉంచుకున్నారు. నందిగామలో నాది డీటీపీ షాపు. అర్జీలు టైపు చేయించడానికి ఆయనే వచ్చేవారు. టీ తెప్పిస్తే సగం నా గ్లాసులోకే వంచేవారు.

విదేశీ అభివృద్ధి బ్యాంకు అప్పుతో మా రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. పట్టాలు లేవు గనక, తీసేసే బడ్డీకొట్ల వాళ్లకు పరిహారమేమీ రాదన్నారు. పీఏ గారు ఇంగ్లీషులో ఉన్న ఆ అప్పు ఒప్పందం సంపాదించి, వారం రోజులు మా షాపులో కూర్చుని చదివారు. పట్టా లేకపోయినా, బతుకుతెరువు పోయేవాళ్లకు పని మొదలవకముందే వేరే చోటు చూపాలని అందులో ఉంది.

"సంతకాలైపోయినయ్యి కదండీ, ఇప్పుడడిగితే ఏమవుద్ది?" అన్నాను.

"అప్పు తీర్చేది జనం. జనం తరఫున అడగాల్సింది ఎమ్మెల్యే గారు. ఆయనకి చదివే తీరిక లేదు. అందుకే నేను చదువుతున్నా," అన్నారు అలసటగా.

బ్యాంకు బృందం నందిగామ వచ్చిన రోజు, శాలువాలు కప్పడం కాగానే ఎమ్మెల్యే గారు లేవబోయారు. పీఏ గారు వంగి, "ఒక్క ప్రశ్న అడగండి సార్. మీరడిగితే వాళ్లు రాసుకునే మీటింగు మినిట్స్‌లో ఎక్కుద్ది, నేనడిగితే ఎక్కదు," అన్నారు. ఎమ్మెల్యే గారు విసుక్కుంటూనే, పీఏ గారు చేతికిచ్చిన ఒప్పందం పేజీ చదివి, మా కొట్ల వాళ్లకు చోటెక్కడని అడిగారు.

"మేం మాట్లాడేది ప్రభుత్వంతోనండి," అంది బృందం అధికారిణి.

"నేను శాసనసభ్యుణ్ణమ్మా. రేపు ఈ అప్పు గురించి జనం నన్నే అడుగుతారు."

ఆమె ఆ ప్రశ్న రాసుకుంది.

తర్వాత రెండేళ్లు పట్టింది. ఎన్ని ఉత్తరాలు టైపు చేశానో గుర్తులేదు. చివరికి మార్కెట్ పక్కన కొట్లు కట్టిచ్చారు. అందరికీ రాలేదు. కొట్ల వాళ్ల జాబితా రాసిన రోజు కూతురి కాన్పుకి వెళ్లిన ఇడ్లీ బండి ఆవిడ పేరు ఎక్కలేదు. ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగినా పీఏ గారు ఎక్కించలేకపోయారు. నేను మెచ్చుకోబోతే, "వచ్చినోళ్ల సంగతి చెప్పమాకు. ఆవిడకేం చెప్దాం?" అనేవారు.

మొన్న అంత్యక్రియలకి నేను పీఏ గారింటికి వెళ్లేసరికి ఆ ఇడ్లీ బండి ఆవిడే అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర కూర్చుని ఉంది. ఆయన మీకేమవుతారని ఎవరో అడిగారు.

"ఏం కాడయ్యా. నాకు కొట్టూ రాలేదు. కానీ మా ఇంటికొచ్చి, తప్పయిందమ్మా అన్నది ఈయనొక్కడే."

పాస్టరు గారి ప్రార్థన అయ్యింది. పెట్టె ఎక్కించిన వ్యాను సమాధుల తోట వైపు కదిలింది. జనమంతా వెనకే నడిచారు. ఆవిడ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, వ్యాను లేపిన దుమ్ము అణిగేదాకా ఎండలో అలాగే నిలబడింది.