తమ్ముడు బిగించిన కంప్యూటర్

పోయిన వారం నా ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతుంటే జనగామ బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళాను. అక్కడి అతను ఏదో పరీక్ష పెట్టి తెర నావైపు తిప్పాడు. ఎర్రటి గీతలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. మెమరీ చెడిపోయిందని అతను చెప్పకముందే నాకు అర్థమైంది. ఆ గీతలను నేను ఇదివరకు ఒకసారి చూశాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. పెళ్ళి పత్రికైనా, కరపత్రమైనా కంప్యూటరులో కొట్టించడానికి డీటీపీ సెంటరుకు రావలసిన రోజులవి. మా ఇంటి ముందు గదిలో అలాంటి సెంటరొకటి నడిపేదాన్ని. అందులోని కంప్యూటర్ కొన్నది కాదు, మా తమ్ముడు బిగించినది. తమ్ముడు భూపాలపల్లిలో ఎలక్ట్రీషియన్. హైదరాబాదు నుంచి సామాను ఒక్కొక్కటే తెచ్చి, మా ఇంట్లో చాప మీద పాత పేపర్లు పరుచుకుని, ఒక ఆదివారమంతా కూర్చుని బిగించాడు. మదర్‌బోర్డు మీద మెమరీ పలక, అదే ర్యామ్, పెట్టడానికి రెండు సందులుంటే ఒకదానిలో పెట్టి, రెండోది ముందుముందు అవసరానికని ఖాళీగా వదిలాడు. రెండేళ్ళు ఆ యంత్రం నన్ను ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు.

తరువాత ఒకసారి మహబూబాబాదుకు పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఒక దుకాణంలో ర్యామ్ కనిపిస్తే, ఇంకొకటి ఉంటే పని త్వరగా అవుతుంది కదా అని కొన్నాను. ఇంటికొచ్చి, తమ్ముడు చేస్తుంటే చూసిన గుర్తుతో, నేనే డబ్బా విప్పి ఖాళీ సందులో నొక్కాను. అది టక్కున కూర్చుంటే ఎంత గర్వపడ్డానో! చిన్నచిన్న పనులకు ఏ తేడా కనిపించకపోవడంతో ఆ సంగతే మరిచిపోయాను.

ఆ వానాకాలంలో తరిగొప్పుల వైపు నుంచి రిటైరైన సారొకరు మూడు నోటుబుక్కులు తెచ్చారు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు పాడే బతుకమ్మ పాటలవి. వాటిలో సగానికి పైగా ఆయన అక్క చెప్పగా రాసుకున్నవట. ఆవిడ మంచంలో ఉందని, పండుగకు పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాలని ఆయన కోరిక. నేను ఒప్పుకున్నాను. నలభై పేజీలు దాటాక తెర నీలంగా మారి యంత్రం ఆగిపోయింది. మళ్ళీ వేస్తే ఫైలు తెరుచుకోలేదు. తిరిగి మొదలుపెడితే మళ్ళీ అంతే. కరెంటు హెచ్చుతగ్గులేమోనని స్టెబిలైజరు మార్చాను, వైరస్సేమోనని అంతా చెరిపి విండోస్ కొత్తగా వేయించాను, ఫ్యానులో దుమ్ము దులిపాను. ఏం చేసినా లాభం లేకపోయింది. మూడోసారి ఫైలు పోయేసరికి బతుకమ్మ వచ్చింది, వెళ్ళిపోయింది. సారు నోటుబుక్కులు నా దగ్గరే ఉంచి వెళ్ళారు.

దసరా నాడు తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు, మరదలి తల్లిదండ్రులు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తమ్ముడు వచ్చీ రాగానే ముందు గదిలోకి వెళ్ళి డబ్బా విప్పి చూశాడు. భోజనాల దగ్గర ఎవరో పుస్తకం సంగతి అడిగారు. అంతే, నాలో అణచుకున్నదంతా బయటికొచ్చింది.

"ఏడికెల్లో పాత సామాను తెచ్చి నాకు అంటగట్టిండు. గాయన ముందల నా ఇజ్జత్ పోయింది" అన్నాను, తమ్ముడి అత్తమామలు వింటుండగానే.

తమ్ముడు అన్నం పూర్తిగా తిని, చేయి కడుక్కుని, అందరినీ తీసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత రాలేదు, ఫోను కూడా చేయలేదు.

సంక్రాంతి దాటాక ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో మెమరీని పరీక్షించే ప్రోగ్రాం కనిపించింది. నడిపించాను. అరగంటలో తెర నిండా ఎర్ర గీతలే. డబ్బా విప్పి చూస్తే రెండు ర్యాములున్నాయి. రెండోది నేను పెట్టిందేనని అప్పుడు గుర్తుకొచ్చింది. తమ్ముడిది ఒక్కటే ఉంచి పరీక్షిస్తే ఒక్క గీతా రాలేదు. నాది ఒక్కటే పెట్టినా రాలేదు. ర్యాముల అంచున ఉండే లోహపు కాళ్ళు రబ్బరుతో రుద్ది, సందులు అటూ ఇటూ మార్చి చూశాను. రెండూ కలిసి ఉంటేనే గీతలు. చదివి చూస్తే వాటి మీద రాసిన వేగాలు వేరువేరు. ఆ జోడీని ఆ బోర్డు తట్టుకోలేకపోయింది. నాది తీసి పక్కన పెట్టాక యంత్రం మునుపటిలాగే, కొంచెం నిదానంగా, నిక్షేపంగా పనిచేసింది.

మరునాడు హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి వెళ్ళాను. తమ్ముడు వాకిట్లో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"తప్పు నాదేరా. నేనే ఇంకో ర్యామ్ కొని పెట్టిన. నువ్వు తెచ్చిన సామాను మంచిగనే ఉన్నది."

"నాకెరుకే అక్కా" అన్నాడు తమ్ముడు. "దసరా నాడు డబ్బా ఇప్పినప్పుడే చూసిన. అన్నం తిన్నంక నిన్ను పక్కకు పిలిచి చెప్దామనుకున్న. గింతల నువ్వే అందరి ముంగట అంటివి."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"గంత మందిల నిన్నెట్ల తప్పువట్టాలె? మీ ఇంట్లనే గదా తింటున్న." చేతి నూనె గుడ్డతో తుడుచుకుని, "నువ్వే ఫోన్ చేస్తవని చూసిన" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మరదలు చాయ్ తెచ్చింది. ఆ ఊళ్ళోనే ఉన్న తమ్ముడి అత్తగారింటికి కూడా వెళ్ళి అదే మాట చెప్పి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

పాటలన్నీ మొదటి నుంచి కొట్టి, తప్పులు దిద్ది, అచ్చు వేయించేసరికి పుస్తకం మరుసటి బతుకమ్మకు వచ్చింది. సారు అక్క అంతకు నాలుగు నెలల ముందే పోయారు. ప్రతులు ఇవ్వడానికి వెళితే సారు మొదటి పేజీ తిప్పి చూసుకుని, అక్షరాలు పెద్దగా పెట్టినందుకు నాకు దండం పెట్టారు. అవి ఆవిడ కళ్ళ కోసం పెట్టిన అక్షరాలు.

మొన్న మా అబ్బాయి ఏదో మాటకు వాళ్ళ అక్కను నలుగురిలో నొప్పించాడు. సాయంత్రానికి ఆమె ఫోనులో రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది, ఆమె బదులుగా ఒక బొటనవేలి బొమ్మ పంపింది, గొడవ అక్కడితో సరిపోయింది. పిల్లలు నాకన్నా తెలివైనవాళ్ళు, పంతాలతో నెలలు పోగొట్టుకోరు. అయినా నాకెందుకో ఆ భూపాలపల్లి బస్సే గుర్తుకొస్తుంది. దారి పొడవునా ఏం చెప్పాలో పదాలు కూర్చుకుంటూ వెళ్ళి, తీరా వాకిట్లో నిలబడితే అవేవీ నోటికి రాలేదు. ఇప్పుడు అంత దూరం ఎవరూ వెళ్ళనక్కరలేదు.